బొటనవేలు దక్కింది

అక్కకు, తమ్ముడు గంతులేస్తూ రాస్తున్నది. గెలిచాం! నా కాలి బొటనవేలు నాకే దక్కింది.

చెప్పులో మేకు గుచ్చుకున్నా షుగరు వల్ల తెలియలేదనీ, పుండు ముదిరి వేలు తీసెయ్యాలన్నారనీ రాశాను కదా. ఇక్కడి పెద్దాసుపత్రిలో అలాంటి పుండ్ల మీదే పరిశోధన చేస్తున్నారంటే వెళ్ళి చేరాను. కాలికి సిమెంటు కట్టు వేశారు.

"ఎముకేం విరగలేదు కదమ్మా, ఇదెందుకు?" అన్నాను.

"నువ్వు రోజంతా నిలబడి క్షవరాలు చేస్తావు. పుండు మీద నీ బరువు పడకుండా ఉంటే అదే మానుతుంది" అంది డాక్టరమ్మ.

నిన్న కట్టు విప్పారు. గిరాకీలకు మెడ వెనక జుట్టు చూపించే అద్దం నా అరికాలి కింద పెట్టుకుని చూశాను. పుండు లేదు, పసిపిల్లల బుగ్గలాంటి చర్మం! మొదట వేలు తీసెయ్యాలన్న డాక్టరే చూడ్డానికి వచ్చి, "ఇంక నీ షాపు తెరుచుకోవయ్యా" అన్నాడు.

మేడ మెట్లు బాగుచేయించారా? నా పాత కత్తెర ఎవరికీ ఇవ్వకు. నీక్కూడా కాళ్ళు మొద్దుబారుతున్నాయనీ, వయసేలే అని కొట్టిపారేస్తున్నావనీ బావ రాశాడు. నీకూ షుగరుందని మరిచిపోయావా?

నీ పాదాలకు నమస్కారం. ముందు వాటి కింద అద్దం పెట్టి చూసుకో. తర్వాతే నా నమస్కారం అందుకో.