గట్టు గడ్డిలోని దోమ

మంగళవారం, కంబదూరు

పోయిన వారం పక్కచేను ఓబులేసు నన్ను అడక్కుండానే నా గట్టు గడ్డికి పురుగుల మందు కొట్టినాడు. అది మేసి నా చూలుమేక చచ్చిపోయింది. పైగా టీ అంగడికాడ అందరి ముందర నన్నే తిట్టినాడు. "నీ గడ్డిలోని దోమపురుగే నా చెనిక్కాయ చెట్ల రసం పీల్చేస్తాండాదప్పా!"

ఈపొద్దు మందు పడని కొసన గడ్డిదోమను, వాని చేన్లో దోమను పట్టుకొచ్చి, వ్యవసాయం మేడం ఇచ్చిన భూతద్దం కింద పెట్టినా. గడ్డిదోమకు వెనక కాలి మీద, పాదం దగ్గర, కదిలే ముల్లు ఒకటి ఉండాది. వాని దోమకు లేదు. జాతే వేరు. గడ్డిది చెనిక్కాయను ముట్టదని మేడం చెప్పింది.

రేపు అదే అంగడికాడ వాని కన్ను అద్దానికి ఆనిస్తా. ముల్లు యాడుందో వాని నోటితోనే చెప్పిస్తా. మేక తాడు ఇంకా గుంజకే ఉండాది. అంతవరకూ విప్పను.