చిన్నాయన కుర్చీలో కూర్చున్నాను

అన్నకు,

పట్నం మొఘల్‌పురాలో మన అత్తమ్మ ఇంటి నుంచి చెల్లె శిరీష దండం పెట్టి రాస్తున్నది. నేను బాగున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వదిన పుట్టింటి నుంచి వచ్చిందా? బుజ్జిగాడు నన్ను మరిచిపోయాడా? ఇవన్నీ ఫోన్‌లో అడగొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అయితే బాపు సగం విని కట్ చేస్తాడు. ఇప్పుడు నేను చెప్పేది సగం వింటే సరిపోదు.

బాపు అడిగిన నోటీసు గురించే ఈ ఉత్తరం. ఉమ్మడి బోరు స్టార్టర్ డబ్బాకు చిన్నాయన తాళం వేశాడని, మన మిరప చేను వాడిపోతున్నదని, ఇంట్లో లా చదివే బిడ్డ ఉండగా ఊరుకోనని బాపు అన్నాడు కదా. నోటీసు రాశాను. పంపలేదు. ఎందుకో చెప్తాను. ముందు ఇక్కడి సంగతులు విను, అవి తెలిస్తేనే ఇది అర్థమవుతుంది.

ఇక్కడ వారంగా ముసురు. గల్లీలో నీళ్ళు నిలిచి, కాలేజీకి వెళ్ళేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుంటున్నాను. అక్కడ చుక్క వాన లేదని తెలిసినప్పటి నుంచి ఈ వానను చూస్తే తప్పు చేసినట్టు అనిపిస్తుంది. అత్తమ్మ పొద్దున్నే పాల దుకాణం తెరిచి, మామను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి, నాకు ఖిచిడీ, చింతపండు ఖట్టా చేసి పెడుతుంది. పుల్లగా, వేడిగా బాగుంటుంది. నేను బాగానే తింటున్నాను, అమ్మకు చెప్పు. జొన్నరొట్టె మాత్రం యాదికొస్తుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ కాస్త దిగులుగా ఉంటుంది. ఆ వేళకు పుస్తకం తెరుస్తాను. చట్టం పుస్తకాల్లో మాటలంటే నాకు ఎంత ఇష్టం పెరిగిందో చెప్పలేను. 'అనుభవ హక్కు' అన్న మాట మొదటిసారి చదివిన రోజు దాన్ని నోట్లో బెల్లం ముక్కలా తిప్పుకుంటూ ఇంటికి వచ్చాను.

మాకు నోటీసులు, దావాలు రాయడం నేర్పే వసుంధర మేడమ్ చాలా ఏళ్ళు కోర్టులో వాదించినవారు. ఆమె పాఠం మొదలుపెట్టే ముందు అందరం ఫోన్లు పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, ఊపిరి వచ్చిపోవడాన్ని గమనించాలి. మనసు ఎటైనా పోతే, పోయిందని తెలుసుకుని వెనక్కి రావాలి. అంతే. దీన్ని మైండ్‌ఫుల్‌నెస్ అంటారు. మేడమ్ 'ఎరుక' అంటారు.

మొదట్లో మాకు నవ్వులాట. నా పక్కన కూర్చునే ఫర్హీన్ వాళ్ళది పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం. కళ్ళు తెరవగానే నా చెవిలో, "క్యా యార్, ఊపిరి చూడుమంటే నాకు అమ్మీ చెప్పిన పనులన్నీ లైన్ల నిలబడి కనబడుతున్నయ్" అంది. అత్తమ్మకు చెబితే ఆమె ఇంకా ఎక్కువ నవ్వింది.

"ఏందే, ముక్కు చూస్కుంట కూసునుడు గూడ సదువేనా? గట్లయితే మీ మామకు ఎప్పుడో జడ్జి నౌకరీ రావాలె."

గల్లాపెట్టె దగ్గర నుంచి మామ, "గిప్పుడు నన్నెందుకు లాగుతవ్?" అన్నాడు.

నాకు దానిమీద నమ్మకం కుదిరింది ఒక రోజు. ఆలస్యంగా వచ్చిన అబ్బాయి మీద మేడమ్ గట్టిగా లేచారు. "నీ అసొంటోళ్ళు కోర్టుకు పోయి..." అని సగంలో ఆగిపోయారు. కిటికీ దిక్కు తిరిగి ఒకసారి ఊపిరి పీల్చి వదిలారు. తర్వాత మెల్లగా, "నాకు కోపమొచ్చింది. ఇది పొద్దున ఇంట్ల వచ్చిన కోపం, నీది గాదు. కూసో" అన్నారు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. కళ్ళు మూసుకుంటే కోపం రాకుండా పోతుందని అనుకున్నాను. ఆమెకూ వచ్చింది. కాకపోతే వచ్చిందని ఆమెకు తెలిసింది.

పోయిన వారం ఏదైనా ఒక నోటీసు రాసి తెమ్మన్నారు. నేను బాపు చెప్పినదే రాశాను. బాగుంటే మేడమ్‌నే సంతకం అడుగుదామనుకున్నాను. అన్నా, అది ఎంత బాగా కుదిరిందో. 'దురుద్దేశపూర్వకంగా', 'ఉమ్మడి హక్కుకు భంగం కలిగిస్తూ', 'తదుపరి పరిణామాలకు మీరే పూర్తి బాధ్యులు'. రాస్తుంటే చేయి ఆగలేదు. చిన్నాయన మీద రాస్తున్నానన్న సంగతే మరిచిపోయాను, మాటలు అంత ముద్దొచ్చాయి.

మేడమ్ దగ్గర ఒక పద్ధతి ఉంది. నోటీసు రాసినవాళ్ళు దాన్ని అందుకునే మనిషి కుర్చీలో కూర్చోవాలి. ఇంకొకరు చదువుతారు. ఊపిరి ఏమవుతుందో, ఒంట్లో ఏమవుతుందో గమనించాలి, మారు మాట్లాడకూడదు. క్లాసు ముందు కుర్చీ వేశారు. నేను చిన్నాయనను. ఫర్హీన్ నిలబడి చదివింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది కాబట్టి ఒక్కో మాట విడిగా వచ్చి తగిలింది.

'దురుద్దేశపూర్వకంగా' దగ్గర నా దవడ బిగిసింది. 'పూర్తి బాధ్యులు' దగ్గర పిడికిళ్ళు బిగిశాయి. మాట్లాడకూడదు కానీ లోపల ఒక జవాబు పొంగుకొచ్చింది. అది చిన్నాయన గొంతే.

"ఏమైంది?" అన్నారు మేడమ్.

"జవాబు చెప్పాలని ఉంది మేడమ్."

"చెప్పు."

"నా వంతు రోజున మోటారు నడిపి కాలవెట్టింది మీరు. బండి మీద కట్టుకోని టౌనుకు పోయి బాగుచేయించుకొచ్చింది నేను. మల్ల అదే పని జేస్తే తాళం ఎయ్యక ఏం జేస్తరు?"

"గిది నిజమేనా?"

"నిజమే."

"నోటీసుల ఏడుంది?"

లేదు. ఆ సంగతి నాకు తెలుసు, నీకూ తెలుసు. బాపు చెప్పలేదు, నేను రాయలేదు. మేడమ్ కాగితం నా చేతిలో పెట్టి, "నోటీసు పంపొద్దని అంటలేను. అవసరమైతే నేనే సంతకం జేస్త. కానీ ఏం రాస్తున్నవో, ఏం ఇడిసిపెడుతున్నవో రాసేటప్పుడు ఎరుకుండాలె" అన్నారు.

సాయంత్రం అత్తమ్మకు అంతా చెప్పాను. పాల గిన్నెలు కడుగుతున్నది, తల ఎత్తలేదు. "ఇద్దరూ నా తమ్ములేనాయె. ఎవల దిక్కు మాట్లాడమంటవ్ బిడ్డా" అంది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

బాపుకు కోపం వస్తుందని తెలుసు. చదివించింది ఇందుకేనా అంటాడు. ఆ మాట పడతాను, నువ్వు నా కోసం ఆయనతో లొల్లి పెట్టుకోకు. ఒక్క పని చెయ్యి. ఇక్కడిదాకా నీకోసమే. వెనక ఉన్న కాగితం మాత్రం బాపు, చిన్నాయన ఇద్దరూ ఉన్నప్పుడు పైకి చదువు. చిన్నాయన రానంటే అత్తమ్మ రమ్మన్నదని చెప్పు. అట్లా చెప్పడానికి ఆమె సరేనన్నది.

బాపూ, చిన్నాయనా,

చిన్నాయనా, నీ మీద నోటీసు రాశాను. నువ్వు తాళం వేశావని అందులో ఉంది, ఎందుకు వేశావో లేదు. అది నా తప్పు. బాపూ, నువ్వు వంతు తప్పావు. చెట్లు చచ్చిపోతాయన్న భయంతో తప్పావు. మోటారు కాలిందీ నిజమే, చేను ఎండుతున్నదీ నిజమే. ముందు తాళం తీసి నీళ్ళు పారనివ్వండి. వంతులు ఎట్లా ఉండాలో ఇద్దరూ కలిసి చెప్పండి, చెప్పినట్టే కాగితం మీద పెడతాను. కుదరకపోతే నోటీసు తప్పదు, రాస్తాను. కానీ ఇద్దరు చేసిందీ అందులో ఉంటుంది.

నాన్నమ్మకు, అమ్మకు, చిన్నమ్మకు దండాలు. వదినను అడిగానని చెప్పండి, బుజ్జిగాడికి ముద్దులు. వచ్చే నెల నాకు పరీక్షలు. మీ ఇద్దరి దీవెన కావాలి. ఒకే అరుగు మీద కూర్చుని దీవిస్తే చాలు.

మీ ఇద్దరి బిడ్డ,
శిరీష