సత్యవతి దీపానికి కరెంటు

ఫిబ్రవరి 9, 2006
కరెంటాఫీసులో మళ్లీ అదే జవాబు. ఇంటి పట్టా లేదు కాబట్టి సత్యవతికి మీటరివ్వరట! ఏటిగట్టున వాళ్ల గుడిసెల నెత్తి మీదుగానే తీగలు పోతాయి, కిందికి మాత్రం దిగవు. పగలంతా కొవ్వూరు వీధుల్లో చేపలమ్మి, ముప్పై ఎనిమిదేళ్లకి ప్రైవేటుగా పదో తరగతి కట్టిన మనిషి. మార్చిలో పరీక్ష. కిరసనాయిలు బుడ్డి పొగకి కళ్లు చింతనిప్పులు... దీని మీద వ్యాసం రాస్తాను.
"వ్యాసం వెలుగుద్దాండి మాస్టారూ?" — నవ్వుతూనే అంది సత్యవతి.

ఫిబ్రవరి 11
రాజమండ్రి వెళ్లి తెల్ల ఎల్‌ఈడీలు తెచ్చాను. మూడు బుల్లి బల్బులు వరసగా, కరెంటు మితిమీరకుండా ఒక రెసిస్టరు. ఒక్కోటి మూడు వోల్టుల పైచిలుకు తీసుకుంటుంది. అంటే పన్నెండు వోల్టుల సప్లయి చాలు. బ్యాటరీ సంగతి తర్వాత. ముందు మా ఇంట్లో గోడ ప్లగ్గుకి తగిలించే అడాప్టరుతో.

ఫిబ్రవరి 12
మాడిపోయాయి. మూడూ.

ఫిబ్రవరి 13
వోల్టుమీటరు పెట్టి చూస్తే అడాప్టరు పదిహేడు చూపిస్తోంది! మీద అచ్చేసింది పన్నెండు. షాపతను తాపీగా — "లోడు గట్టిగా పడితే పన్నెండుకి దిగుద్దండి. మీ మూడు బల్బులు దానికో లెక్కా?" ఆ ముక్క డబ్బా మీద వేయడానికి ఏం రోగం?
మా ఆవిడ వంటింట్లోంచి — "గ్రహణం వేళ అన్నం తినమని ఊరందరితో తగువాడతారు. పంచాంగాన్ని నమ్మరు గానీ అడాప్టర్ని నమ్మేశారా?"
కొలవకుండా పెట్టింది నేనే.

ఫిబ్రవరి 17
కొత్త ఎల్‌ఈడీలు. ఈసారి సత్యవతి మొగుడు అప్పారావు ఇంజను పడవ బ్యాటరీ. ముందు కొలిచాను — ఇంజను ఆగితే పన్నెండున్నర, తిరిగితే పద్నాలుగు. దానికి తగ్గ పెద్ద రెసిస్టరు. వెలిగింది! సత్యవతి సాంఘికశాస్త్రం పుస్తకం తెచ్చి దాని కింద తెరిచింది. చదవలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది.

ఫిబ్రవరి 20
దీపం పడవలో ఉంది. అప్పారావు వేటకి పట్టుకుపోతున్నాడు.
"బ్యాటరీ పడవది కదండి మాస్టారూ. అదెక్కడుంటే దీపం అక్కడే."
మరి ఆవిడ చదువో? అన్నాను.
"చదువెక్కడికి పోద్దండి? చేప పోద్ది గానీ."
గట్టు మీద నిలబడి అరగంట ఆడవాళ్ల హక్కుల మీద ఉపన్యాసం ఇచ్చాను. చేతులు కట్టుకుని విన్నాడు. దణ్ణం పెట్టి, వల భుజానేసుకుని వెళ్లిపోయాడు.
రెండో బ్యాటరీ కొనిస్తే... అదీ పడవలోకే.

ఫిబ్రవరి 21
వోల్టులు లెక్కేశాను, మిల్లీ ఆంపియర్లు లెక్కేశాను. సప్లయి ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించలేదు. ఇరవై ఏళ్లుగా వేదికలెక్కి అరుస్తున్నది దాని గురించేనా కాదా?

ఫిబ్రవరి 24
లావు సెల్లులు మూడు. నాలుగున్నర వోల్టులే. బల్బులు మూడూ వరసగా కలిపితే వెలగవు కాబట్టి ఒక్కో ఎల్‌ఈడీకి విడిగా రెసిస్టరు. చేపల తట్టలో పట్టేంత డబ్బా. ఏటి మీద దారి చూపేంత వెలుగు రాదు, పుస్తకానికి చాలు. అప్పారావు పడవకి పనికిరాదు, అందుకే ఇది.
సెల్లులు వాడేకొద్దీ నీరసిస్తాయమ్మా, ఇంకో అరడజను తెచ్చిస్తాను అన్నాను సత్యవతితో.
"ఎక్కువ తేకండి బాబూ. మా ఆయన టార్చిలోకీ అయ్యే పడతాయి."
ఆ మాట నాకు తట్టనే లేదు.
పరీక్షకి మూడు వారాలు. టార్చిలో పట్టని సెల్లు ఏముంది?