తారు మడిలో పండిన వరి

రవీ,

నువ్వు పోవడానికి కొన్నాళ్ళ ముందు, ఒక ఉదయం మన చెరుకుపల్లి పొలంలో, రోడ్డు పనివాళ్ళ తారు పీపాలు పగిలి నల్లబడిన మడి గట్టున నువ్వు బకెట్లో బెల్లం నీళ్ళు కలుపుతున్నావు.

"ఇదేంట్రా?" అన్నాను.

"తారుని తినే బ్యాక్టీరియా అక్కా. నీ దేవుడికిలాగే వీటికీ నైవేద్యం పెట్టాలి."

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆ మడి కూడా పండింది. తారు వాసన లేదు. రేపు కోత అనగా ఇవాళ బాపట్ల వ్యవసాయ కాలేజీ నుంచి మట్టి పరీక్ష కాగితం వచ్చింది. మట్టిలో తారు విషం తగ్గింది గానీ పూర్తిగా పోలేదట.

"మిగతా ధాన్యంలో కలిపేద్దాం అక్కా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు మన చిన్న తమ్ముడు.

"ఆ బియ్యం నీ పిల్లలకి వండిపెడతావా?"

వాడు ఆ కాగితం తీసుకుని మళ్ళీ మొదటినుంచి చదివాడు.

సాయంత్రం అందరం కూర్చుని నిర్ణయించాం. ఆ మడి కోయం, దున్నేస్తాం. దున్నితే గాలి తగిలి బ్యాక్టీరియా ఇంకా బాగా పనిచేస్తాయని నువ్వు చెప్పావట. ఆ మాట నాకు చిన్న తమ్ముడే చెప్పాడు.