నూటొకటి దాకా వెళ్లలేదు

జులై 4
బళ్లో పాత విద్యార్థుల కోసం పుస్తకం వేస్తున్నారట. 'మీకు నచ్చిన సంఖ్య గురించి ఒక పేజీ రాసివ్వండి మాస్టారూ' — హెడ్మాస్టరు ఫోన్. ఇంకేముంది, పది లక్షల ఒకటి. రిటైరై తొమ్మిదేళ్లయినా తలుచుకున్నారు. సంతోషంగానే ఉంది.

జులై 5
రాస్తున్నాను. 1000001. ఎటునుంచి చదివినా ఒకటే. బేసి సంఖ్య. అంకెలు కూడితే రెండు. వంద ఘనానికి ఒకటి కలిపితే వస్తుంది. ప్రధాన సంఖ్య — ఒకటితో, తనతో తప్ప దేనితోనూ నిశ్శేషంగా పోదు...
పెన్ను ఆగింది. వంద ఘనం, ఒకటి ఘనం. ఘనాల మొత్తం సూత్రం ముప్పయ్యేళ్లు చెప్పినవాణ్ణి నేనే. వందా ఒకటీ కలిపితే నూటొకటి. దాంతో పోయి తీరాలి.
101 × 9901. మూడుసార్లు గుణించాను. సరిగ్గా అదే.

జులై 6
అన్నం సహించలేదు. షాహీనే గుర్తొస్తోంది. తొమ్మిదో తరగతి, మూడో బెంచి. ఒక రోజు బోర్డు మీద ఈ సంఖ్యనే రెండు నుంచి 97 దాకా ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి, 'ఇక చాలు, ఇది ప్రధాన సంఖ్యే' అన్నాను. నిజానికి వర్గమూలం దాకా, అంటే వెయ్యి దాకా చూడాలి. బద్ధకించాను. ఆ పిల్ల లేచి — 'నూటొకటితో చూడలేదండీ.'
'నాకే చెప్పొచ్చావా? లెక్కలు నీవల్ల కాదు. కూర్చో.'
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటర్లో ఆ పిల్ల లెక్కలు తీసుకోలేదు.

జులై 9
మా ఆవిడ — 'వెళ్లి చెప్పి రండి. ఇల్లంతా తిరిగి నా ప్రాణం తియ్యకండి.' షాహీన్ నాగాయలంకలో ఉందట, రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో.

జులై 10
వెళ్లలేదు. వాన వచ్చేలా ఉందన్నాను. మబ్బు కూడా లేదు.

జులై 12
అవనిగడ్డలో బస్సు మారి వెళ్లాను. నీళ్ల సీసాల మధ్య కూర్చుంది. నలభై దాటినట్టుంది. చూడగానే లేచి కుర్చీ వేసింది.
గుణకారం రాసిన కాగితం చేతికిచ్చాను. 'నువ్వన్నదే రైటమ్మా. తప్పు నాది.'
'ఆ సాయంత్రమే ఇంట్లో భాగించి చూశానండీ. సరిగ్గా పోయింది.'
'మరి మర్నాడు చెప్పలేదేం?'
'ఎవరికండీ?'
ఏడుపొచ్చింది. ఇక్కడ రాసుకోడానికి సిగ్గెందుకు.
టీ తెప్పించింది. కాగితం మీద 9901 చూపించి, 'ఇది మాత్రం ప్రధాన సంఖ్యేనండీ' అంది.
'చూశావా?'
'మీరే చూశారుగా. దీన్ని భాగించేది ఆ పెద్ద సంఖ్యనీ భాగించాలి కదా. 97 దాకా దేనితోనూ అది పోలేదని మీరే చూపించారు. దీని వర్గమూలం వంద లోపే.'
అవును. నేను ఆపిన చోటు దీనికి సరిపోతుంది. ఎంత బుర్ర! ఆ బుర్రని నేను కూర్చోబెట్టాను.
క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

జులై 13
ఫోన్ చేశాను. 'ఆ పేజీలో నీ పేరు వెయ్యనా అమ్మా?'
'ఆ రోజు నవ్వినవాళ్లూ చదువుతారాండీ?'
'చదువుతారు.'
'అయితే జరిగింది జరిగినట్టు రాయండి. మీరన్న మాటతో సహా.'

జులై 15
రెండుసార్లు మొదలుపెట్టాను. లెక్క అంతా తేలిగ్గానే వస్తోంది. 'లెక్కలు నీవల్ల కాదు' దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కదలదు. ఇందాక హెడ్మాస్టరు ఫోన్... తియ్యలేదు.