పెచ్చులూడిన శ్లాబు కింద

మంగళవారం, రాత్రి

అపార్ట్‌మెంట్ టవర్ల పని ఆగిపోయి, కంపెనీ మమ్మల్ని ఇంటికి పంపేసి ఐదు నెలలైంది. అప్పటి నుంచి చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని ప్రభుత్వ ఇంజనీరు పరీక్షకు చదువుతున్నాను. ఈ రోజు అక్కడ ఉండగానే మా సైటులో పనిచేసిన పాలమూరు మేస్త్రీ నర్సిములన్న ఫోన్ చేశాడు.

"అశోక్‌నగర్‌ల ఒక ఆడపిల్లల హాస్టల్ ఉన్నది మేడం. శ్లాబు పెచ్చులూడుతున్నది. జర వచ్చి చూడున్రి."

వెళ్లాను. చూసిన ఇద్దరు బిల్డర్లూ కూలగొట్టి కొత్తది కట్టుకోమన్నారట. "పరీక్షల ముంగట గీ పిల్లలందరు ఏడికి పోతరు?" అంది హాస్టల్ నడిపే సుశీలక్క.

గది గదికీ వెళ్లి సుత్తితో తట్టి చూశాను. బాత్రూమ్‌ల పక్కనున్న రెండు గదుల్లోనే నీళ్లు కారి ఇనుము తుప్పు పట్టింది. ఆ రెండూ ఖాళీ చేయించి, శ్లాబు కింద ఆసరాలు పెట్టించాను. మిగతాది గట్టిగానే ఉంది. బాగుచేయొచ్చని చెబితే సుశీలక్క నా చేయి చాలాసేపు వదల్లేదు.

కంపెనీలో ఉన్న ఆరేళ్లూ కొత్తవి కట్టడమే పని అనుకున్నాను. పాతవాటిని నిలబెట్టడమూ నా చదువులోదేనని ఈ రోజు తెలిసింది. భయమూ ఉంది. సైటులో నా లెక్కను పైవాళ్లు సరిచూసేవారు, ఇక్కడ నా మాటే ఆఖరు. రేపు మా కాలేజీ సార్‌ను తీసుకెళ్లి చూపించాలి.

ఇంతమంది ఇంజనీర్లుండగా నన్నే ఎందుకు పిలిచావని నర్సిములన్నను అడిగాను.

"టవర్ల కాడ నా గోడ వంకరొస్తే మీరు అందరి ముంగట తిట్టలే మేడం. పక్కకు పిలిచి చెప్పిన్రు."

నాకు ఆ గోడే గుర్తు లేదు.