పాసిటీ అన్న మాట

దువ్వాడ,
శుక్రవారం.

అక్కకు, తమ్ముడు సూరిబాబు నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. బావగారి నడుంనొప్పి తగ్గిందా? మీ అత్తగారు కులాసాయేనా? చిన్నోడి చెవులు మానాయా? ఆ సంగతే ముందు అడగాలనుకున్నాను, చెయ్యి రాలేదు.

నీకు కోపం వచ్చిందని తెలుసు. రావాలి కూడా. అమ్మా నాన్నా పోయాక నీకు పుట్టింటి తరఫున ఉన్నది నేనొక్కణ్ణే. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి చెవులు కుట్టించాలని ముహూర్తం పెట్టించి కబురు చేస్తే నేను రాలేదు.

సెలవు అడిగితే ఆఫీసువాళ్లు నా చీటీ మీద ఇంగ్లీషులో ఏదో రాసి తిప్పి పంపారు. నాతో వెల్డింగు చేసే అప్పలరాజుకి చూపించాను. ఇక్కడివాడే, ఇంటర్ దాకా చదివాడు.

"స్టాఫ్ పాసిటీ అని రాసేరు బావా," అన్నాడు.

"అంటే?"

"సాలినంత మంది లేరని. మనం కొరత అనీసి ఊరుకుంతాం. ఆళ్లు ఇవ్వం అని సెప్పాల్సినప్పుడు పాసిటీ అంతారు. డబ్బులికీ అదే, టైముకీ అదే. మొన్న కుళాయి కాడ బోర్డు మీదా అదే."

"ఇంట్లో బియ్యం అయిపోయినా అంటారా?"

"ఇంట్లో ఎవులంతారు బావా? అది కాయితం మీద మాట."

సరే, కాయితం మాటకి కాయితం మాటే చెబుదామనుకున్నాను. అతను వద్దంటున్నా వినకుండా మళ్లీ అర్జీ రాయించాను. మా అక్కకి తమ్ముళ్ల పాసిటీ ఉంది, దయచేసి పంపండి అని. ఇంజనీరుగారు పగలబడి నవ్వారు. పక్క బల్లల వాళ్లను పిలిచి మరీ చదివి వినిపించారు. నేనూ వెర్రిమొహం వేసుకుని నవ్వాను. సెలవు మాత్రం ఇవ్వలేదు. చెప్పకుండా వచ్చేస్తే గేటు పాసు లాక్కుంటారు, మళ్లీ రానివ్వరు. ఇప్పుడు షెడ్డులో అందరూ నన్ను పాసిటీ అనే పిలుస్తున్నారు. పిలిచినప్పుడల్లా ఏడుపొస్తోందక్కా.

ముహూర్తం రోజు పొద్దున్నే స్టేషనుకి వెళ్లాను. చిన్నోడికి కొన్న పోగులు దూదిలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. రాజమండ్రి వైపు బండి వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. ఈపాటికి వాడికి తలంటు పోసి ఉంటావనుకుంటూ అక్కడే నిలబడ్డాను. అప్పలరాజు సైకిలు మీద వెతుక్కుంటూ వచ్చాడు. "రా బావా, సైరన్ కొట్టీసారు," అని ఎక్కించుకుని పోయాడు.

ఎండలు మండిపోతున్నాయి. గాలి వచ్చినా ఒళ్లంతా జిడ్డే. మెస్సులో అన్నం బాగానే పెడుతున్నారు, కూరలే చప్పగా ఉంటాయి. తిండికి లోటు లేదు, బెంగ పెట్టుకోకు. నిజంగా బాగానే ఉన్నాను.

పోగులు పోస్టులో పంపడానికి మనసొప్పలేదు. నేనే తెస్తాను. ఎప్పుడని మాత్రం అడగకు. బావగారికీ మీ అత్తగారికీ నా నమస్కారాలు చెప్పు. మీ దీవెన ఉంటే చాలు నాకు. కుదిరితే చిన్నోడి ఫోటో ఒకటి పంపు.

వాణ్ణి ఎవరి ఒళ్లో కూర్చోబెట్టారో మాత్రం రాయకు. సూది గుచ్చినప్పుడు బాగా ఏడ్చాడా, అదొక్కటీ రాయి.

ఇట్లు,
నీకున్న ఒక్క తమ్ముడు,
సూరిబాబు